మర్యాద నేర్చిన మాస్టర్

సూరత్‌లోని పండేసరలో ఓ మరమగ్గాల కార్ఖానాకు కమలాకర్ మాస్టర్. మాస్టర్ అంటే బడిపంతులనుకునేరు. ఏ మగ్గం మీద ఎవరు నిలబడాలో, నూలు చుట్టిన ఏ బీము ఎప్పుడు ఎక్కాలో, పోగు తెగితే అది ఎవరి పాపమో తేల్చే పెద్దమనిషిని సూరత్‌లో అలా పిలుస్తారు. మరమగ్గాన్ని మనవాళ్లు సాంచా అంటారు. అన్ని సాంచాలూ ఒక్కసారి ఆడుతుంటే పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. అందుకని అక్కడి పనివాళ్లు సగం చేతి సైగలతో, సగం ఎదుటివాడి పెదవులు చూసి మాట్లాడుకుంటారు. కమలాకర్‌కు ఆ తిప్పలు లేవు. అతను ఈ మూల నుంచి ఒక్క కేక పెడితే ఆ మూలనున్నవాడు ఉలిక్కిపడి తిరిగి చూస్తాడు.

కేకతో సరిపెడితే ఎవరూ ఏమీ అనుకోరు. కేక వెనకాలే తిట్టు వస్తుంది. ఎద్దు, దున్నపోతు, గాడిద, ఊళ్లో వదిలేసి వచ్చిన పశువులన్నీ అతని తిట్లలో ఇక్కడికి వచ్చేశాయి. ఒడియావాడైనా, బిహారీ అయినా, మన జగిత్యాలవాడైనా అందరికీ ఒకటే వరస. పాతవాళ్లు అలవాటుపడి నవ్వుకునేవాళ్లు. తిట్టిన మనిషే సాయంత్రం వాళ్ల భుజం మీద చెయ్యేసి చాయ్ తాగిస్తాడని వాళ్లకు తెలుసు. కొత్తవాళ్లకు ఆ సాయంత్రం దాకా ఆగే ఓపిక ఉండేది కాదు.

ఈ విద్య కమలాకర్‌కు పుట్టుకతో రాలేదు. మీసం సరిగ్గా మొలవని వయసులో సూరత్ బండెక్కి దిగినప్పుడు అతని వెనక నిలబడి పని నేర్పింది బ్రహ్మచారి అనే పెద్దాయన. ఆయనది పక్క ఊరు, వడ్రంగుల ఇల్లు. ఇనుప నాగళ్లు, ప్లాస్టిక్ కుర్చీలు వచ్చి బాడిసెకు పని లేకుండా పోయాక ఆయన అందరికన్నా ముందు ఇక్కడికొచ్చి సాంచాల మీద కుదురుకున్నాడు. కులం వేరైనా ఊరి వరసకు మామ. పోగు తప్పు కట్టినప్పుడల్లా కమలాకర్ నెత్తి మీద మొట్టికాయ పడేది. మొట్టికాయ తర్వాత, ఎందుకు పడిందో చెయ్యి పట్టుకుని చూపించేవాడు. అలా మొట్టించుకుని మొట్టించుకుని కమలాకర్ మంచి పనివాడయ్యాడు.

కార్ఖానా యజమాని ముసలి శేఠ్, మాస్టర్ పని చూడమని మొదట అడిగింది బ్రహ్మచారినే. ఆయన తలకాయ అడ్డంగా ఊపాడు. తనకు చేతిపని వచ్చు గానీ నలుగురిని నడపడం రాదనీ, కమలాకర్‌ను పెట్టమనీ చెప్పాడు. శిష్యుడు మాస్టరయ్యాడు, గురువు అతని చేతికింద మిగిలాడు. మొదట్లో కమలాకర్‌కు ఆయనకు పని చెప్పాలంటే నోరు పెగిలేది కాదు. బ్రహ్మచారే ఓ రోజు బయట బల్ల మీద కూర్చోబెట్టి, తనను కూడా తిట్టమనీ, లేకపోతే మిగిలినవాళ్లు లెక్కచెయ్యరనీ బోధ చేశాడు. ఆ తర్వాత ఇక అడ్డు లేదు. “ఏందే మామా, నిలవడి నిద్రవోతున్నవా?” అని కమలాకర్ అరిస్తే ముసలాయన బోసి నోటితో నవ్వి చెయ్యి ఊపేవాడు. వాళ్లిద్దరి మధ్య ప్రేమ అంటే అదే. ఇంకో రూపంలో చెప్పుకోవడం ఇద్దరికీ చేతకాదు.

మోకాళ్ల నొప్పులతో ముసలి శేఠ్ ఇంట్లో కూర్చున్నాక కొడుకు ధవల్‌భాయ్ కార్ఖానాకు వచ్చాడు. మంచి కుర్రాడు. పాత సాంచాలు కొన్ని తీసేసి కొత్త మిషిన్లు తెచ్చాడు, మంచినీళ్ల ఫిల్టరు పెట్టించాడు, అందరి పేర్లూ నేర్చుకున్నాడు. అతను వచ్చిన కొన్నాళ్లకే ఇద్దరు కొత్త పనివాళ్లు ఒకరి తర్వాత ఒకరు మానేశారు. ఇద్దరూ చెప్పిన కారణం ఒకటే, మాస్టర్ నోరు.

ధవల్‌భాయ్ కమలాకర్‌ను తన గదిలోకి పిలిచి, కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, హిందీలో మెల్లగా చెప్పాడు. మూడో మనిషి గనక ఇతని నోటికి భయపడి వెళ్లిపోతే కమలాకర్ మళ్లీ మిషిన్ మీదికి వెళ్లాలి, మాస్టర్‌గా ఇంకొకరు వస్తారు. ముసలి శేఠ్ అయితే గట్టిగా నాలుగు తిట్టి మర్నాటికి మర్చిపోయేవాడు. ఈ మెల్లని మాట కమలాకర్‌కు ఎక్కువ భయం పుట్టించింది. చాయ్ కప్పు సగంలోనే పెట్టేసి లేచాడు.

భయపెట్టి వదిలెయ్యకుండా, ధవల్‌భాయ్ అతన్ని డుమస్ రోడ్డులో ఓ హోటల్ హాల్లో జరిగే క్లాసుకు కూడా పంపాడు. పనివాళ్లను ఎలా నడపాలో అక్కడ నేర్పుతారట. నానా మిల్లుల మాస్టర్లూ తలకు నూనె రాసుకుని, బుద్ధిగా వరసల్లో కూర్చున్నారు. టై కట్టుకున్నాయన పొద్దున్నంతా చక్కగా చెప్పాడు. అందరినీ ‘ఆప్’ అనండి. హుకుం చెయ్యకండి, అడగండి. నిర్ణయం పనివాణ్ణే తీసుకోనివ్వండి. కమలాకర్ ప్రతి మాటా మనసులో పెట్టుకున్నాడు. మధ్యాహ్నం భోజనంలో ఉంధియు కూర, పూరీలు, తియ్యని శ్రీఖండ్ పెట్టారు. ఉచితంగా దొరికిన శ్రీఖండ్ ఎవరైనా ఒక్కసారితో ఆపుతారా? భోజనం తర్వాత ఆ టై ఆయన అసలు సంగతి చెప్పాడట. అందరికీ ఒకే మందు పనికిరాదు, మనిషిని చూడాలి, పనిని చూడాలి, సందర్భం చూసి మాట మార్చాలి అని. మన మాస్టర్ అప్పటికి వెనక వరసలో గడ్డం ఛాతీకి ఆనించి హాయిగా నిద్రపోతున్నాడు.

మర్నాడు కమలాకర్ కొత్త మనిషై కార్ఖానాలో అడుగుపెట్టాడు. ‘ఆప్’ను తెలుగులోకి మారిస్తే ‘మీరు’. ఇక అందరూ మీరే, అందరూ గారే. ఒడియా, బిహారీ పనివాళ్లకు ‘ఆప్’ బాగానే నచ్చింది. ఒకరిద్దరు మాస్టర్‌కు ఒంట్లో బాగాలేదేమోనని అనుమానపడ్డా, దొరికిన మర్యాదను ఎవరూ వెనక్కి ఇవ్వలేదు. తెలుగువాళ్ల దగ్గరికి వచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. మడత విభాగంలో గుడ్డను వెలుతురుకు పెట్టి తప్పులు చూసే సమ్మక్కను “సమ్మక్క గారూ, మీరు” అని పిలిస్తే ఆమె వెనక ఎవరన్నా ఉన్నారేమోనని తిరిగి చూసింది.

గణపతి సంగతి ఇంకోలా ఉంది. అతను ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన ముప్పయ్యేళ్ల మనిషి. అరక తప్ప ఇంకోటి ఎరగడు, మిషిన్ ముందు నిలబడటం ఇదే మొదలు. ఇదివరకు కమలాకర్ అరుపుకు అతని చేతులు వణికి ఒక పోగు తెగేచోట నాలుగు తెగేవి. మూడో మనిషి ఇతనే అవుతాడేమోనని కమలాకర్‌కు భయం. అందుకని ఇతని దగ్గర మర్యాద ఇంకాస్త ఎక్కువ పోశాడు. పోగు తెగితే పక్కన నిలబడి, మీరేమంటారు, ఎట్ల కడదామంటారు, మీ ఇష్టం అన్నాడు. గణపతి బిక్కమొహం వేశాడు. కట్టడం తెలిస్తే కదా ఇష్టం ఉండటానికి! ఆ పూట అతను తన ఇష్టప్రకారం కట్టిన ముళ్లు విప్పడానికి సమ్మక్క వేళ్లు నొప్పి పుట్టాయి.

ఆ వారంలోనే ఓ మధ్యాహ్నం గణపతి మెళ్లో తువ్వాల వేసుకుని పాత సాంచా పక్కన వంగాడు. తువ్వాల కొస తిరుగుతున్న బెల్టు పట్టా మీదికి వేలాడుతోంది. కమలాకర్ ముందే చూశాడు. నోటిదాకా వచ్చిన కేకను మింగి, దగ్గరికి నడిచి, “గణపతి గారూ, మీరు జర మీ తువ్వాలను” అని మొదలుపెట్టాడు. అంత పొడుగు మాట ఆ మోతలో ఎవరికి వినపడుతుంది? పట్టా తువ్వాలను లాగేసుకుంది. సమ్మక్క పరుగున వచ్చి స్విచ్ మీద కొట్టింది. సాంచా ఆగింది. తువ్వాల సగం చిరిగి గణపతి మెడ మీద ఎర్రటి గీత మిగిల్చి ఊడిపోయింది.

సమ్మక్క రొప్పుతూ కమలాకర్ వైపు తిరిగి, “మనిషి సచ్చినంక గారు అంటవా?” అంది.

కమలాకర్ వంగి చిరిగిన తువ్వాల ముక్క ఏరాడు. అయినా ధవల్‌భాయ్ మాట గుర్తొచ్చి, ఆ రోజు కూడా గొంతు పెంచకుండానే షిఫ్టు ముగించాడు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. కొత్త మిషిన్లు వచ్చినప్పటి నుంచి బ్రహ్మచారి నేతలో గీతలు పడుతున్నాయి. తెగిన పోగు ఆయన కంటికి ఆనడం లేదు. సన్నని నూలు, వేగంగా తిరిగే మిషిన్, మసకబారిన చూపు. సమ్మక్క ఆ గీతల గుడ్డను రెండుమూడుసార్లు చప్పుడు చెయ్యకుండా పక్కన పెట్టింది. కమలాకరూ చూసీ చూడనట్టే ఉన్నాడు. ఆయన్ని మిషిన్ మీద నుంచి దింపాలని తెలుసు. ఆ మాట చెప్పే ధైర్యం లేదు. ఇప్పుడు క్లాసులో నేర్చిన మర్యాద అందుకు బాగా పనికొచ్చింది. దగ్గరికి వెళ్లి, వీలైనంత మెత్తగా, “బ్రహ్మచారి గారూ, మీరు పెద్దవారు. మీరు కొంచెం కూర్చోండి” అన్నాడు.

ముసలాయన అతని పెదవుల వైపే చూస్తున్నాడు. ఇన్నేళ్లుగా ఆ మోతలో కమలాకర్ మాటను ఆయన చూసే విన్నాడు. నువ్వు అనడానికి పెదవులు కలవక్కర్లేదు, మీరు అనాలంటే ముందు కలుస్తాయి. ఆ కలవడం ఆయనకు స్పష్టంగా కనిపించింది. నమ్మలేనట్టు ఆ మాటను తన పెదవుల మీద ఒకసారి పలికి చూసుకున్నాడు. తర్వాత తల ఊపి, చేతులు తుడుచుకుని, బయటికి వెళ్లి బల్ల మీద కూర్చున్నాడు. పని ఇంత సులువుగా జరిగిపోయినందుకు కమలాకర్ లోలోపల సంతోషపడ్డాడు కూడా.

మర్నాడు బ్రహ్మచారి రాలేదు. జ్వరమేమో అనుకున్నాడు కమలాకర్. ఆ మర్నాడూ రాకపోతే ఆయన గదిలో ఉండే మనిషిని అడిగాడు. పెద్దాయన సామాను సర్దుకుంటున్నాడనీ, రేపటి బండికి ఊరికి పోతున్నాడనీ, ఇక రాడనీ ఆ మనిషి చెప్పాడు.

కమలాకర్‌కు మొదట గుర్తొచ్చింది మూడో మనిషి అన్న మాటే. ఇంత మర్యాదగా ఉన్నా మూడో మనిషి పోతున్నాడు, మాస్టర్ పని పోతుంది అని. ఆ తర్వాత, పోతున్నది బ్రహ్మచారి మామ అన్న సంగతి తలకెక్కింది. తన బుద్ధి ముందు దేని మీదికి పోయిందో తల్చుకుని అతనికే సిగ్గేసింది.

ఇంటికి వచ్చేసరికి భార్య మంగ గడప దగ్గర కూర్చుని చీర అంచుకు రాళ్లు అతికిస్తోంది. జరిగినదంతా చెప్పాడు. తిట్టలేదు, అరవలేదు, పెద్దాయనను గౌరవంగా కూర్చోమన్నాను, అదే తప్పా అని అడిగాడు. మంగ జిగురు పూసిన వేలిని అలాగే గాల్లో పట్టుకుని అతని మొహంలోకి చూసింది.

“మా తమ్ముడు ఇంతకుముందు నిన్ను బావా, నువ్వు అనెటోడు. పొలం కాడ లొల్లయినంక మీరు అనుడు సురువు జేసిండు. గా దినం నువ్వు బువ్వ ముట్టలే. యాదికున్నదా?”

యాదికి లేకపోవడమేం. బావమరిది నోట ఆ ‘మీరు’ విన్ననాడు చెంప మీద కొట్టినట్టయింది. మన ఊళ్లల్లో తండ్రినీ నువ్వే అంటారు, దేవుణ్ణీ నువ్వే అంటారు. మీరు అనేది తాసీల్దారును, లేకపోతే తెగతెంపులు చేసుకున్న చుట్టాన్ని. కమలాకర్ చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బయటికి నడిచాడు.

బమ్రోలిలో వాళ్ల ఇంటికి రెండు సందుల అవతలే బ్రహ్మచారి గది. మిగతావాళ్లు షిఫ్టుకు పోయారు. ఆయనొక్కడే నేల మీద కూర్చుని బట్టల మూట కడుతున్నాడు. ముడి బిగుసుకోవడం లేదు, కళ్లు దగ్గరగా పెట్టి చూస్తున్నాడు.

“ఏందే మామా, చెప్పకుంట పోతున్నవా?” అన్నాడు కమలాకర్.

ముసలాయన తల తిప్పలేదు. “మీరు మాస్టర్లు. మీకు చెప్పెతందుకు నేనెవణ్ణి?”

కమలాకర్ గుమ్మంలోనే కూలబడ్డాడు. ఆ మాట ఇంతగా కోస్తుందని దాన్ని తాను అంటున్నప్పుడు తెలియలేదు. హోటల్ హాలు సంగతి, టై ఆయన సంగతి, ధవల్‌భాయ్ పెట్టిన షరతు అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. బ్రహ్మచారి విని, ముడి వదిలేసి ఇటు తిరిగాడు. సమ్మక్కను గారు అన్నప్పుడు తానూ నవ్వుకున్నానన్నాడు. గణపతిని అన్నప్పుడూ నవ్వుకున్నాడట.

“నన్నన్ననాడు నవ్వు రాలె. నాకు కండ్లు కనవడ్తలేవని నీకెర్క. పొమ్మని చెప్ప చాతగాక మీరు అన్నవ్.”

అది అబద్ధమని అనడానికి కమలాకర్ నోరు తెరిచాడు. అబద్ధం కాదు. క్లాసులో నేర్చిన మర్యాద చాటున తాను దాక్కున్నాడు. మిగతా అందరి దగ్గర అది తెలియక చేసిన తప్పు. ఈ మనిషి దగ్గర మాత్రం పిరికితనం. ఈయన తన నెత్తి మీద మొట్టినన్నాళ్లు ఏ తప్పూ దాచలేదు, ముఖాన చెప్పి చెయ్యి పట్టుకుని దిద్దాడు. తనవంతు వచ్చేసరికి తాను తేనె పూసి తప్పుకున్నాడు. కమలాకర్‌కు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా.

“ఎర్కనే. శాన దినాల సంది ఎర్క,” అన్నాడు. “ఇగ నువ్వు మిషిన్ ముట్టద్దు మామా.”

బ్రహ్మచారి తన రెండు చేతులనూ తిప్పి చూసుకున్నాడు. ఆయన ఎదురు తిరుగుతాడేమో, లేచి వెళ్లిపోతాడేమో అని కమలాకర్ బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. చివరికి ముసలాయన, మిషిన్ ముట్టకపోతే అక్కడ తానేం చెయ్యాలని అడిగాడు. ఆ గొంతులో కోపం లేదు. పని అడుగుతున్న మనిషి గొంతు అది.

గణపతి వెనక నిలబడమన్నాడు కమలాకర్. అతనికి ఏదీ రాదు, ఏం చెయ్యాలో తానే తేల్చుకోమంటే బెదిరిపోతాడు, అరిస్తే చేతులు వణుకుతాయి. చెయ్యి పట్టుకుని ఒక్కొక్కటే చూపించే మనిషి కావాలి. కళ్లు గణపతివి, చెప్పేది నువ్వు అన్నాడు. బ్రహ్మచారి ఆలోచించాడు.

“మొట్టచ్చునా?”

“మొట్టద్దు. వాడు భయస్తుడు. మెల్లగ చెప్పాలె.”

“మరి నిన్ను మొట్టితి కద.”

“నేను మొద్దోణ్ణి. నాకు గట్లనే ఎక్కుతది.”

ముసలాయన బోసి నోరు కొంచెం సాగింది. మూట విప్పమని కాలితో కమలాకర్ వైపు తోశాడు.

అప్పటి నుంచి కార్ఖానాలో మాస్టర్ రకరకాలుగా మాట్లాడటం మొదలుపెట్టాడు. ఒడియావాళ్లను ‘ఆప్’ అనే అంటున్నాడు, అది వాళ్లకు ఇష్టం కనుక. సమ్మక్క దగ్గరికి వెళ్లి ఏ గుడ్డ ముందు పంపాలో అడుగుతున్నాడు, అది అతనికన్నా ఆమెకు బాగా తెలుసు కనుక. గణపతి దగ్గర గొంతు తగ్గిస్తాడు. పట్టా పక్కన ఎవరన్నా తువ్వాలతో కనిపిస్తే మాత్రం గారూ లేదు, మీరూ లేదు, పైకప్పు రేకులు అదిరేలా ఒక్కటే మాట, “ఆపు.” ఎవరి దగ్గర ఏ గొంతు వాడాలో అతనికి ఇప్పటికీ అప్పుడప్పుడు తప్పుతుంది. తప్పినప్పుడు ఎదుటివాడి మొహం చూసి దిద్దుకుంటున్నాడు.

ఓ రోజు గణపతి నీళ్లు తాగడానికి వెళ్లినప్పుడు మిషిన్ మీద పోగు తెగిందని ఎర్రలైటు వెలిగింది. బ్రహ్మచారి చెయ్యి అలవాటుకొద్దీ మిషిన్‌లోకి పోయింది. కమలాకర్ అవతలి చివర నుంచి చూసి పరుగెత్తుకొచ్చాడు. “ఏందే మామా, చెవులు గూడ పోయినయా? ఎన్నిమాట్ల జెప్పాలె నీకు? తియ్యి చెయ్యి” అని ముసలాయన మొహం మీద మొహం పెట్టి అరిచాడు. తల ఎత్తేసరికి ఎదురుగా ధవల్‌భాయ్ నిలబడి ఉన్నాడు.

ధవల్‌భాయ్ ఇద్దర్నీ బయటికి పిలిచాడు. అతని మొహం ఎర్రబడింది. తండ్రి వయసువాడితో ఇలాగేనా మాట్లాడేది, క్లాసుకు పంపింది ఇందుకేనా, నేను పెట్టిన షరతు మర్చిపోయావా అన్నాడు. కమలాకర్ తల వంచుకున్నాడు. ధవల్‌భాయ్ బ్రహ్మచారికి చేతులు జోడించి తన తరఫున మాఫీ అడిగాడు. కమలాకర్ వైపు తిరిగి, నువ్వూ అడుగు, ‘ఆప్’ అని పిలిచి అడుగు అన్నాడు.

కమలాకర్ పెదవులు కదిలేలోగా ముసలాయన చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయనకు హిందీ అంతంత మాత్రం. ఉన్నదంతా కూడగట్టుకున్నాడు.

“నహీ శేఠ్. యే ముఝే ఆప్ బోలేగా తో మై గావ్ చలా జాయేగా.”

ఇతను నన్ను ఆప్ అంటే నేను ఊరికి వెళ్లిపోతాను. అంతే చెప్పి, కమలాకర్ చొక్కా చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. ధవల్‌భాయ్ ఆ పట్టుకున్న చేతిని చూశాడు. వంచిన తల ఇంకా ఎత్తని మాస్టర్‌ను చూశాడు. తర్వాత మెల్లగా, షరతు మాట ఎత్తకుండా ఇద్దర్నీ లోపలికి పోయి పని చూసుకోమన్నాడు.